ఓడల పని మానకుండా మారిటైమ్ లాలో ఎల్‌ఎల్‌ఎం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు నాకు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. ఓడ దిగి (సైన్ ఆఫ్ అయి) ఇంటికొచ్చిన సెకండ్ మేట్లు, అంటే ఓడ అధికారులు అడుగుతారు, విశాఖ, కాకినాడ ఓడల ఏజెన్సీ ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లు అడుగుతారు, దుబాయ్, సింగపూర్ ఆఫీసుల్లో చార్టరింగ్ (ఓడల్ని అద్దెకివ్వడం, తీసుకోవడం) చూసే మనవాళ్లూ అడుగుతారు. విడివిడిగా చెప్పీ చెప్పీ, ఇక రాసిపెట్టేస్తే నయమనిపించింది. నేను ఆరేళ్లు ఓడల మీద, ఆ తర్వాత ఒడ్డున ఏజెన్సీలో పనిచేశాను. ఇప్పుడు క్లెయిమ్స్, అంటే నష్టపరిహారం దావాలు చూస్తున్నాను. ఉద్యోగం మానకుండా నాలుగేళ్లు పట్టి దూరవిద్యలో ఎల్‌ఎల్‌ఎం చేశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు. ఫీజులు, వీసా రూల్స్ మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు మాత్రం ఆయా సంస్థల సైట్లు ఒకసారి చూసుకోండి.

## చేరాలా, వద్దా?

మారిటైమ్ లా అంటే సముద్ర సరిహద్దులు, నేవీ, చేపల వేట గొడవలు ఇవన్నీ చదవాలా?

అది వేరే సబ్జెక్టు. దేశాల మధ్య సముద్రాన్ని పంచే చట్టాన్ని లా ఆఫ్ ది సీ అంటారు. దానికి ఆధారం 1982 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం. మనం మాట్లాడుతున్నది వ్యాపారుల మధ్య నడిచే చట్టం గురించి. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిందని ఇచ్చే పత్రం), చార్టర్ పార్టీ (ఓడ అద్దె ఒప్పందం), ఓడలు గుద్దుకోవడం, సాల్వేజ్ (ఆపదలో ఉన్న ఓడని కాపాడటం), జనరల్ యావరేజ్ (ఓడని, సరుకుని కాపాడటానికి అయిన నష్టాన్ని అందరూ పంచుకోవడం), మెరైన్ ఇన్సూరెన్స్, ఓడ అరెస్టు (బాకీ కోసం కోర్టు ఓడని ఆపేయడం) ఇందులోకి వస్తాయి. మీ మెయిల్‌బాక్సులో రోజూ కనబడే మాటలే ఇవన్నీ. లా ఆఫ్ ది సీని చాలా యూనివర్సిటీలు ఆప్షనల్‌గా ఇస్తాయి. ఆసక్తి ఉంటే తీసుకోండి, లేకపోతే వదిలేయండి.

నాకు ఎల్‌ఎల్‌బీ లేదు. బీఎస్సీ నాటికల్ సైన్స్ చేశాను. ఎల్‌ఎల్‌ఎంలో చేర్చుకుంటారా?

ఇండియాలో చేర్చుకోరు. ఇక్కడ ఎల్‌ఎల్‌ఎంకి ముందు ఎల్‌ఎల్‌బీ ఉండి తీరాలి. ఇంగ్లండ్‌లో పట్టు కాస్త సడలుతుంది. లా డిగ్రీ లేకపోయినా షిప్పింగ్‌లో గట్టి అనుభవం ఉంటే దరఖాస్తును విడిగా పరిశీలించే యూనివర్సిటీలు ఉన్నాయి. యూనివర్సిటీ ఆఫ్ లండన్ దూరవిద్యలో ముందు సర్టిఫికెట్‌లో చేరి, అది పాసయ్యాక డిప్లొమాకి, అక్కణ్నుంచి ఎల్‌ఎల్‌ఎంకి మెట్టుమెట్టుగా ఎక్కే దారి ఉంది. నేను ఎక్కింది ఆ దారే. హైదరాబాద్ నల్సార్ దూరవిద్య విభాగం మారిటైమ్ లాస్‌లో రెండేళ్ల ఎంఏ నడిపింది. లా డిగ్రీ లేనివాళ్లు చాలామంది దాన్ని ఎంచుకున్నారు. ఈ ఏడాది అడ్మిషన్లు ఉన్నాయో లేదో కనుక్కోండి.

ఒక్క మాట. ఎల్‌ఎల్‌బీ లేకుండా చేసిన ఎల్‌ఎల్‌ఎంతో ఇండియాలో కోర్టు మెట్లు ఎక్కలేరు. క్లెయిమ్స్, చార్టరింగ్, ఇన్సూరెన్స్ పనులకైతే ఏ అడ్డూ లేదు.

ఓడ మీద అనుభవం చదువులో నిజంగా పనికొస్తుందా, లేక ఊరికే అలా అంటారా?

పనికొస్తుంది, అయితే మీరు అనుకున్న చోట కాదు. ఓడ ఎలా నడుస్తుందో తెలిసినందుకు మార్కులేమీ పడవు. కానీ కాగితం ఎలా పుడుతుందో మీరు కళ్లారా చూశారు. మీ తోటి లా విద్యార్థి అది చూసి ఉండడు.

నా సంగతే చెబుతాను. థర్డ్ మేట్‌గా ఉన్నప్పుడు కాకినాడ యాంకరేజీలో బియ్యం బస్తాలు ఎక్కిస్తున్నాం. అక్కడ ఓడ ఒడ్డుకు రాదు, బార్జీల మీద సరుకే ఓడ దగ్గరికి వస్తుంది. క్రేన్ ఎత్తే స్లింగు స్లింగుకీ మా వాళ్లు ఒక గీత, ఒడ్డు తరఫున లెక్క రాసే టాలీ క్లర్కు ఒక గీత. తెల్లారేసరికి రెండు లెక్కలకీ మూడొందల పైచిలుకు బస్తాల తేడా వచ్చింది. బార్జీ వెళ్లిపోవాలని తొందర, వాన పట్టేలా ఉందని ఇంకో తొందర. ఒడ్డు లెక్క మీదే మేట్స్ రిసీట్ (సరుకు అందిందని ఓడ ఇచ్చే రసీదు) తయారైంది. సంతకం పెట్టింది చీఫ్ మేటే అయినా, ముందు పెట్టి చూపించింది నేను. పశ్చిమ ఆఫ్రికాలో సరుకు దించాక షార్టేజ్ క్లెయిమ్ వచ్చింది, ఓనర్లు కట్టారు, నాకు చీవాట్లు పడ్డాయి.

ఏడేళ్ల తర్వాత హేగ్-విస్బీ నిబంధనల్లో (సముద్రం మీద సరుకు మోసే క్యారియర్ల బాధ్యతలు చెప్పే అంతర్జాతీయ రూల్స్) మూడో ఆర్టికల్ చదువుతుంటే, లెక్క మీద సరైన అనుమానం ఉన్నప్పుడు ఆ సంఖ్యను బిల్లులో చూపాల్సిన పని క్యారియర్‌కి లేదన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రి ఓడ లెక్కా, ఒడ్డు లెక్కా రెండూ రిసీట్ మీద వేసి, ఒక లెటర్ ఆఫ్ ప్రొటెస్ట్ (అభ్యంతరం తెలిపే ఉత్తరం) ఇచ్చి ఉంటే సరిపోయేది. అరగంట పని. క్లాసులో ఈ ఆర్టికల్‌ని బట్టీ పట్టిన వాళ్లున్నారు, నాకు మాత్రం బట్టీ పట్టే అవసరం రాలేదు.

ఈ డిగ్రీతో లాయర్ని అయిపోతానా?

కారు. ఇండియాలో వకీలుగా ప్రాక్టీసు చేయాలంటే కాలేజీకి వెళ్లి రెగ్యులర్‌గా చదివిన ఎల్‌ఎల్‌బీ కావాలి, తర్వాత బార్ పరీక్ష పాసవ్వాలి. ఎల్‌ఎల్‌ఎం దానికి బదులు కాదు. పైగా నెల జీతం మీద పూర్తికాలం ఉద్యోగం చేస్తున్నవారు అడ్వకేట్‌గా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావాలన్నా ఎల్‌ఎల్‌ఎం చాలదు, 2021 నుంచి ఎస్‌క్యూఈ అనే పరీక్షలు వేరుగా రాయాలి. నల్లకోటు కోసమే అయితే మీకు కావలసింది మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ.

నలభై దాటాయి, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు మొదలుపెట్టడం తెలివైన పనేనా?

నా బ్యాచ్‌లో యాభై నాలుగేళ్ల కెప్టెన్ ఒకాయన ఉండేవారు. ఆయనకే అందరికంటే ఎక్కువ మార్కులు. వయసు అడ్డు కాదు, ఆదివారాలు పోతాయి. ఆ విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

## ఏ కోర్సు, ఎక్కడ?

ఇండియాలో చదవచ్చు కదా, అందరూ ఇంగ్లండ్ పేరే ఎందుకు చెబుతారు?

కాగితం మీద రాసి ఉంది కాబట్టి. మీ చేతిలో ఉన్న ఏ చార్టర్ పార్టీ అయినా చివరిదాకా చదవండి. చాలావాటిలో ఇంగ్లిష్ లా వర్తిస్తుందని, గొడవ వస్తే లండన్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉంటుంది. ఓడ పనామాది, సరుకు గంగవరంలో ఎక్కింది, కొన్నవాడు చైనాలో ఉన్నాడు. అయినా చట్టం మాత్రం ఇంగ్లండ్‌ది. మన 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం కూడా వాళ్ల 1906 చట్టం ఒరవడిలో రాసిందే.

అలాగని ఇక్కడి చదువు తక్కువదేం కాదు. గాంధీనగర్‌లోని గుజరాత్ మారిటైమ్ యూనివర్సిటీలో మారిటైమ్ లా ఎల్‌ఎల్‌ఎం ఉంది. పైగా ఇండియాలో ఈ చట్టాలన్నీ ఒక్కసారిగా మారాయి. 2025లో పార్లమెంటు బిల్స్ ఆఫ్ లేడింగ్, క్యారేజ్ ఆఫ్ గూడ్స్ బై సీ, కోస్టల్ షిప్పింగ్, మర్చంట్ షిప్పింగ్, ఇండియన్ పోర్ట్స్ అంటూ ఐదు కొత్త చట్టాలు చేసింది. వాటితో 1856, 1908, 1925, 1958 నాటి పాత చట్టాలకు కాలం చెల్లింది. వీటి మీద తీర్పులు ఇంకా రావాలి, మంచి పుస్తకాలూ రావాలి. మీ పని ఇండియన్ పోర్టుల చుట్టూ తిరిగేదైతే ఇక్కడ చదవడంలో అర్థం ఉంది. చార్టరింగ్, పీ అండ్ ఐ క్లబ్ (ఓడ యజమానులు కలిసి నడుపుకునే బీమా సంఘం) వైపు చూపు ఉంటే ఇంగ్లిష్ లా తప్పదు.

సౌతాంప్టన్, స్వాన్సీ, లండన్, సింగపూర్, ఓస్లో, టులేన్... ఏది బెస్ట్?

ర్యాంకులు చూసి తేల్చకండి. సౌతాంప్టన్‌లో మారిటైమ్ లా సంస్థ 1982 నుంచి ఉంది. స్వాన్సీలో షిప్పింగ్, ట్రేడ్ లా మీద ప్రత్యేక ఇన్‌స్టిట్యూటే నడుస్తోంది. ఈ రెండూ ఈ రంగంలో పేరున్నవి, లండన్‌తో పోలిస్తే ఖర్చు కూడా తక్కువ. లండన్‌లో క్వీన్ మేరీ, యూసీఎల్, సిటీ ఉన్నాయి. ఆర్బిట్రేటర్లు, సొలిసిటర్ల ఆఫీసులు నడిచి వెళ్లేంత దూరంలో ఉండటమే లండన్ బలం. ఆసియాలో స్థిరపడాలంటే సింగపూర్ ఎన్‌యూఎస్. ఓస్లోది నార్డిక్ పద్ధతి, ఆఫ్‌షోర్ పనివాళ్లకు బాగుంటుంది. టులేన్ న్యూ ఆర్లీన్స్‌లో ఉంది. అమెరికా అడ్మిరల్టీ చట్టం (ఓడల వివాదాల చట్టం) ఇంగ్లిష్ చట్టానికి దూరపు చుట్టం లాంటిది, అమెరికాలో పని చేయాలని ఉంటే తప్ప అక్కడికి వెళ్లమని నేను చెప్పను.

ఎంచుకునేటప్పుడు నేనైతే ఒక్కటే చూస్తాను: ఈ ఏడాది నిజంగా చెప్పే సబ్జెక్టుల జాబితా. బ్రోచర్‌లో పన్నెండు ఉంటాయి, తీరా చేరాక ఏడే నడుస్తాయి.

దూరవిద్యలో చేస్తే విలువ ఉంటుందా?

ఎవరి దగ్గర అన్నది బట్టి ఉంటుంది. లెక్చరర్ ఉద్యోగానికైతే ఉండదు. దూరవిద్య, ఆన్‌లైన్ ఎల్‌ఎల్‌ఎంల విషయంలో బార్ కౌన్సిల్ చాలా గట్టిగా ఉంది, టీచింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. షిప్పింగ్ కంపెనీలు, క్లబ్బులు, బ్రోకర్ల దగ్గర నాకైతే ఎక్కడా తక్కువ చేసి చూసిన అనుభవం లేదు. ఇంటర్వ్యూలో అడిగేది డెమరేజ్ (ఓడని గడువు దాటి ఆపితే కట్టే డబ్బు) గురించి, హాస్టల్ గురించి కాదు.

యూనివర్సిటీ ఆఫ్ లండన్ దూరవిద్య 1858 నాటిది. దాని ఎల్‌ఎల్‌ఎం మాడ్యూళ్లుగా విడగొట్టి ఉంటుంది. పదహారు మాడ్యూళ్లు పూర్తిచేయాలి, గరిష్ఠంగా ఐదేళ్లు గడువు. ఏడాదికి నాలుగు మాడ్యూళ్ల లెక్కన నేను నెట్టుకొచ్చాను. అంతకంటే వేగంగా పరిగెత్తినవాళ్లు కొందరు మధ్యలో మానేశారు.

యూకే వెళ్లి పార్ట్‌టైమ్ కోర్సులో చేరి, అక్కడే షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తూ చదవచ్చా?

స్టూడెంట్ వీసా మీద ఇది కుదరదు. పార్ట్‌టైమ్ కోర్సుకి వీసా ఇచ్చినా పని చేయడానికి అనుమతి ఉండదు. ఫుల్‌టైమ్ కోర్సు అయితే క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని. 2024 జనవరి నుంచి టాట్ (రీసెర్చ్ కాకుండా క్లాసులతో నడిచే) మాస్టర్స్ కోర్సులవాళ్లు భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లడానికి లేదు. కోర్సు అయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువు కూడా తగ్గుతోంది: 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి రెండేళ్ల బదులు 18 నెలలే. ఇప్పటికే అక్కడ వర్క్ వీసా మీద ఉన్నవారి సంగతి వేరు, పార్ట్‌టైమ్ వాళ్లకు చక్కగా సరిపోతుంది.

మాల్టాలో ఐఎంఓ (ఐక్యరాజ్యసమితి సముద్ర రవాణా సంస్థ) వాళ్ల కాలేజీ ఉందట కదా?

ఉంది. ఇంటర్నేషనల్ మారిటైమ్ లా ఇన్‌స్టిట్యూట్, 1988లో పెట్టారు. అంతర్జాతీయ ఒప్పందాన్ని సొంత దేశపు చట్టంగా ఎలా రాయాలో నేర్పడం దాని ప్రత్యేకత. ప్రభుత్వ శాఖల్లో, మారిటైమ్ అడ్మినిస్ట్రేషన్‌లో, కోస్ట్ గార్డ్‌లో పనిచేసేవారికి బంగారం లాంటి చోటు. ప్రైవేటు కంపెనీలో డెమరేజ్ లెక్కలు వేసేవారికి అంత అవసరం లేదు. స్వీడన్‌లో మాల్మోలోని వరల్డ్ మారిటైమ్ యూనివర్సిటీ కూడా ఐఎంఓదే, 1983 నుంచి ఉంది. అక్కడ చట్టంతోపాటు పోర్టు నిర్వహణ, పాలన కలిపి చెబుతారు.

ఎల్‌ఎల్‌ఎం అంత పెద్దది వద్దు. ఐసీఎస్ పరీక్షలు రాస్తే చాలదా?

చాలామందికి చాలు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ షిప్‌బ్రోకర్స్ 1911లో పుట్టింది, పరీక్షలు ఇండియాలోనే రాయొచ్చు. చట్టం పేపరు ఉంది, దాంతోపాటు షిప్పింగ్ వ్యాపారం మొత్తం అర్థమవుతుంది. ఖర్చు ఎల్‌ఎల్‌ఎంలో చిన్న వంతే. ఏజెన్సీలో, బ్రోకింగ్‌లో ఎదగాలనుకునే పాతికేళ్ల కుర్రాడికి నేను ముందు ఇదే చెబుతాను. ఇది రాస్తున్నప్పుడు లీగల్ పేపరు మీదే మనసు లాగితే, అప్పుడు ఎల్‌ఎల్‌ఎం ఆలోచించుకోవచ్చు.

## డబ్బు, సీ టైమ్, ట్యాక్స్

మొత్తం ఎంత అవుతుంది?

ఇంగ్లండ్‌లో ఫుల్‌టైమ్ అయితే ఫీజు, అద్దె, తిండి, వీసా, హెల్త్ సర్‌ఛార్జి అన్నీ కలిపి 30 లక్షలు దాటుతుందనే లెక్క వేసుకోండి. లండన్‌లో ఇంకా ఎక్కువ. దీనికి ఏడాది జీతం పోవడం కలపండి. చీఫ్ మేట్‌కి ఆ రెండోదే పెద్ద అంకె. దూరవిద్యలో మాడ్యూల్ లెక్కన కట్టుకోవచ్చు కాబట్టి నొప్పి విడతలవారీగా ఉంటుంది.

స్కాలర్‌షిప్‌లలో చీవ్‌నింగ్ గురించి తెలుసుకోండి. రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉన్నవారికి, ఏడాది ఫుల్‌టైమ్ మాస్టర్స్‌కి, పూర్తి ఖర్చు ఇస్తారు. చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్నది షరతు. సముద్రం మీద నుంచి వచ్చి దరఖాస్తు చేసేవాళ్లు తక్కువ కాబట్టి మీ కథ మిగతావాళ్ల కథల్లో కలిసిపోదు.

ఏడాది ఓడ ఎక్కకపోతే నా సీఓసీ (ఓడ అధికారి అర్హత సర్టిఫికెట్) ఏమవుతుంది?

ఏడాదికే ఏమీ కాదు. ఐదేళ్లకోసారి రీవాలిడేషన్‌కి ఆ ఐదేళ్లలో కనీసం 12 నెలల సీ టైమ్ (ఓడ మీద పనిచేసిన కాలం), లేదా చివరి ఆరు నెలల్లో మూడు నెలలు చూపాలి. చదువుకి పోయే ముందు మీ గడువు తేదీ, చేతిలో ఉన్న సీ టైమ్ రెండూ ఒక కాగితం మీద రాసుకోండి. కోర్సు మధ్యలో సర్టిఫికెట్లు, మెడికల్, బేసిక్ సేఫ్టీ రిఫ్రెషర్లు అన్నీ ఒకేసారి ముగిసిపోయి టెన్షన్ పడినవాళ్లను చూశాను. ఇక పై టికెట్‌కి, అంటే పై స్థాయి సీఓసీకి సీ టైమ్ కూడబెడుతున్నవారైతే, ముందు ఆ టికెట్ తెచ్చుకుని తర్వాత చదువు గురించి చూడండి.

లీవ్‌లో ఇంట్లో కూర్చుని చదివితే ఎన్‌ఆర్‌ఐ స్టేటస్ పోతుందా?

చదువు వల్ల పోదు, రోజుల వల్ల పోతుంది. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఇండియాలో ఉంటే రెసిడెంట్ అవుతారు. పరీక్ష కోసం లీవ్ పొడిగించుకుని మార్చిలో లెక్క చూసుకుంటే ఆరు రోజులు దాటి ఉంటాయి, ఆ ఏడాది జీతం మీద ట్యాక్స్ పడుతుంది. పరీక్షల కేలెండర్‌నీ, ఓడ ఎక్కే (సైన్ ఆన్) తేదీనీ పక్కపక్కన పెట్టుకుని సీఏతో ఒకసారి మాట్లాడండి.

కంపెనీ ఫీజు కడుతుందా?

అడిగితే కొన్ని కడతాయి. అడగనివాళ్లకు ఎవరూ కట్టరు. బాండ్ అడుగుతారు, రెండేళ్ల వరకు ఫరవాలేదు. అంతకంటే ఎక్కువైతే సంతకం పెట్టకండి.

## చదువుతున్నప్పుడు

ఓడ మీద ఉండి చదవడం సాధ్యమేనా? నెట్ కూడా సరిగా ఉండదు.

ఈ మధ్య చాలా ఓడల్లో నెట్ మెరుగైంది, అసలు ఇబ్బంది నిద్ర. నాలుగు నుంచి ఎనిమిది వాచ్ చేసేవాడికి పగలు కాస్త సమయం దొరుకుతుంది. పోర్టులో ఉన్న రోజుల్లో పుస్తకం తెరిచే ఆశ పెట్టుకోకండి. నేను ఆ తప్పు చేసి రెండు అసైన్‌మెంట్లు పోగొట్టుకున్నాను. సముద్రం మీద పొడవైన ప్యాసేజ్ ఉన్నప్పుడే చదువు. సైన్ ఆన్ కాకముందే తీర్పులన్నీ పీడీఎఫ్‌లుగా దింపేసుకోండి. పరీక్ష తేదీలు కాంట్రాక్టు మధ్యలో పడకుండా కోర్సును ఎంచుకోండి. రిలీవర్ రాక రెండు వారాలు ఆలస్యమవడం మనకు కొత్త కాదు కాబట్టి, పరీక్షకు నెల ముందే దిగేలా క్రూయింగ్ వాళ్లకు చెప్పి ఉంచండి.

మొదట ఏ సబ్జెక్టు తీసుకోవాలి?

మీ పనికి దగ్గరగా ఉన్నది. ఏజెన్సీ, ఆపరేషన్స్ వాళ్లు చార్టర్ పార్టీలతో మొదలుపెడితే మర్నాడే ఆఫీసులో పనికొస్తుంది. విశాఖ ఔటర్ యాంకరేజీలో ఓడ లంగరేసింది, బెర్త్ ఖాళీ లేదు, మాస్టర్ (ఓడ కెప్టెన్) ఎన్‌ఓఆర్, అంటే ఓడ సిద్ధంగా ఉందన్న నోటీసు ఇచ్చేశాడు. లేటైమ్ (సరుకు ఎక్కించడానికి, దించడానికి ఇచ్చిన గడువు) మొదలైందా లేదా? ఓడ పోర్టు పరిధిలోకి వచ్చి, మామూలుగా వెయిటింగ్ చేసే చోట, చార్టరర్ పిలవగానే వెళ్లేలా సిద్ధంగా ఉంటే వచ్చినట్టేనని ఇంగ్లండ్‌లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ 1973లో జోహానా ఓల్డెండార్ఫ్ కేసులో తేల్చింది. ఇది ఓడ పోర్టుకి చేరితే చాలనే పోర్టు చార్టర్ సంగతి. బెర్త్‌కే చేరాలనే బెర్త్ చార్టర్ అయితే జవాబు మారుతుంది. ఈ ఒక్క తేడా మీద రోజుకి వేల డాలర్లు అటూ ఇటూ అవుతాయి.

బ్రిడ్జి మీద పనిచేసేవాళ్లు క్యారేజ్ ఆఫ్ గూడ్స్ తీసుకోండి. అందులో సీఎంఏ సీజీఎం లిబ్రా కేసు వస్తుంది. 2011లో చైనాలోని షియామెన్ నుంచి బయటికొస్తూ ఆ కంటైనర్ ఓడ నేలకు తగిలింది. ఫెయిర్‌వే (ఓడలు నడిచే దారి) బయట చార్టులో, అంటే సముద్ర పటంలో చూపిన లోతుల్ని నమ్మొద్దని నావికులకు వచ్చిన నోటీస్ టు మెరైనర్స్ హెచ్చరిక, ఓడ దారి గీసుకునే ప్యాసేజ్ ప్లాన్‌లోకి ఎక్కలేదు. ప్లాన్‌లో అంతటి లోపం ఉంటే ఓడ ప్రయాణానికి తగినట్టు లేనట్టేనని 2021లో యూకే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సెకండ్ మేట్ చార్టు మీద వేయని ఒక గమనిక జనరల్ యావరేజ్ వసూలునే ఆపేసింది. చార్ట్ కరెక్షన్లు చేసి విసిగిపోయిన ఎవరికైనా ఈ కేసు చదివాక నిద్ర పట్టదు.

జడ్జిమెంట్లు చదువుతుంటే బుర్రకెక్కట్లేదు. ఎలా?

ముందు కథ తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకోండి: ఓడ ఏది, సరుకు ఏది, ఎవరికి నష్టం, ఎవరి మీద దావా. తర్వాత ఎవరు గెలిచారో చూసి, ఆ పైన వెనక్కి వచ్చి కారణం చదవండి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నవల లాగా చదివితే ఎవరికైనా నిద్రొస్తుంది. నాకు మొదటి ఏడాది ఒక్కో తీర్పుకి రెండు రోజులు పట్టేది, మూడో ఏడాదికి రెండు గంటలైంది.

ఆఫీసులో ఉన్న నిజమైన క్లెయిమ్ ఫైల్‌ని అసైన్‌మెంట్‌లో వాడుకోవచ్చా?

వద్దు. ఓడ పేరు మార్చినా తేదీ, పోర్టు, సరుకు చూస్తే ఈ చిన్న లోకంలో ఎవరైనా పట్టేస్తారు. లాయర్‌తో నడిచిన ఉత్తరాలకు చట్టపరమైన రక్షణ ఉంటుంది, మీరు బయటపెడితే అది పోయే ప్రమాదం ఉంది. ఫైల్ నుంచి ప్రశ్న మాత్రం తీసుకోండి, దానికి దగ్గరగా ఉన్న అచ్చయిన తీర్పు వెతికి దాని మీద రాయండి.

మన పోర్టుల్లో ఓడను అరెస్టు చేయడం గురించి కోర్సులో వస్తుందా? అసలు ఎక్కడ వేయాలి దావా?

ఇంగ్లండ్ కోర్సుల్లో వాళ్ల పద్ధతే చెబుతారు. మనది మీరే చదువుకోవాలి, ఆ చదువు మాత్రం మన ఊళ్లోనే మొదలవుతుంది. గోవాలోని మర్మగోవా నుంచి ఎంవీ ఎలిజబెత్ అనే విదేశీ ఓడ సరుకు తీసుకెళ్లింది. కొన్నవాడు డబ్బు కట్టలేదు కాబట్టి సరుకు ఇవ్వొద్దని అమ్మినవాడు చెప్పినా ఇచ్చేసింది. 1984లో ఆ ఓడ విశాఖపట్నం వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో అరెస్టు చేశారు. ఆ హైకోర్టుకి అడ్మిరల్టీ అధికారమే లేదని ఓనర్లు వాదించారు. బ్రిటిష్ కాలం నాటి చట్టాల దగ్గరే మన కోర్టుల అధికారం గడ్డకట్టిపోలేదని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ దేశంలో ఓడ అరెస్టు గురించి మాట్లాడే ఎవరైనా ఎత్తే పేరు ఇదే. విశాఖ పోర్టు గేటు ముందు రోజూ తిరిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో గాని.

ఆ తర్వాత 2017లో అడ్మిరల్టీ చట్టం వచ్చింది, 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఓడ ఏ హైకోర్టు పరిధిలోని నీళ్లలో ఉంటే అక్కడ వేయాలి, విశాఖ, కాకినాడ, కృష్ణపట్నాలకు అమరావతిలోని హైకోర్టు. అదే యజమానికి చెందిన ఇంకో ఓడను అరెస్టు చేసే వీలు కూడా ఉంది. 2025 మే 25న కేరళ తీరానికి దగ్గర్లో 640 కంటైనర్లతో ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగిపోయాక, కేరళ ప్రభుత్వం 9,531 కోట్లకు దావా వేసి పట్టుకున్నది మునిగిన ఓడని కాదు, విళింజంలో ఉన్న ఎంఎస్‌సీ అకిటెటా 2ని. ఓడని వదలడానికి కట్టాల్సిన సెక్యూరిటీ మొత్తాన్ని హైకోర్టు తర్వాత సుమారు 1,227 కోట్లకు తగ్గించింది.

డిసర్టేషన్‌కి టాపిక్ దొరకడం లేదు.

మీకు ఆఫీసులో రెండుసార్లు ఎదురై, రెండుసార్లూ సీనియర్లు తలో మాట చెప్పిన ప్రశ్న ఏదైనా ఉందా? అదే టాపిక్. నాది ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ లేకుండా ఎల్‌ఓఐ (నష్టం వస్తే మేం భరిస్తామన్న హామీ ఉత్తరం) మీద సరుకు ఇవ్వడం. "అటానమస్ ఓడలు, చట్టం" అన్నది ప్రతి బ్యాచ్‌లో పదిమంది రాస్తారు. మీరు పదకొండోవారు కాకండి.

## పూర్తయ్యాక

ఎలాంటి ఉద్యోగాలు వస్తాయి?

పీ అండ్ ఐ క్లబ్బులు, వాటికి పోర్టుల్లో ఉండే కరస్పాండెంట్లు, ఓనర్ల దగ్గర క్లెయిమ్స్ విభాగం, చార్టరర్ల దగ్గర పోస్ట్ ఫిక్చర్ (ఒప్పందం కుదిరాక నడిచే పని), హల్ ఇన్సూరెన్స్ (ఓడకే చేసే బీమా), యావరేజ్ అడ్జస్టింగ్ (జనరల్ యావరేజ్ వాటాలు లెక్కగట్టడం). ఇంటర్నేషనల్ గ్రూపు అనే పీ అండ్ ఐ క్లబ్బుల కూటమిలో ఉన్న 12 క్లబ్బులే ప్రపంచంలో సముద్రాలు దాటే ఓడల్లో దాదాపు 90 శాతం టన్నేజీకి బీమా ఇస్తాయి. అంటే వాకిళ్లు తక్కువ, కాబట్టి పరిచయాలు లెక్కలోకి వస్తాయి. టికెట్ ఉండి చట్టం తెలిసినవాళ్లు తక్కువమందే. డిగ్రీ ఒక్కటే ఉండి ఓడ ఎక్కనివాళ్లకు మొదటి ఉద్యోగం ఆలస్యమవుతుంది, అది మాత్రం ముందే చెప్పడం మర్యాద.

జీతం విషయంలో చీఫ్ మేట్‌కి ఒడ్డున మొదటి రెండు మూడేళ్లు తగ్గుదలే. డిగ్రీ వచ్చిన మర్నాడే సముద్రపు జీతం ఒడ్డున ఎవరూ ఇవ్వరు.

నేను సముద్రం వదలను, మాస్టర్‌గానే ఉంటాను. అయినా దీని వల్ల ఏమైనా ఉపయోగమా?

రాత్రి రెండు గంటలు. లోడింగ్ అయిపోయింది, ఓడని పోర్టు దాటించే పైలట్ ఎక్కడానికి గంటే ఉంది. ఏజెంట్ బిల్లుల కట్టతో మీ క్యాబిన్లో కూర్చున్నాడు. మేట్స్ రిసీట్ మీద "కొన్ని బస్తాలు తడిసినవి" అని ఉంది, బిల్లు మీద ఆ మాట లేదు. "సార్, షిప్పర్ ఎల్‌ఓఐ ఇస్తున్నాడు, బ్యాంకు వాళ్లు క్లీన్ బిల్లే అడుగుతారు, అందరూ ఇలాగే చేస్తారు" అంటాడు. అతను చెడ్డవాడేం కాదు, అతని మీదా ఒత్తిడి ఉంది.

సరుకు బాగోలేదని తెలిసీ, ఆ లోపం రాయని క్లీన్ బిల్లు ఇస్తే, దానికి బదులుగా తీసుకున్న ఎల్‌ఓఐ కోర్టులో చెల్లదని ఇంగ్లండ్‌లో 1957లోనే తీర్పు వచ్చింది. అక్కడ సరుకు కారిపోతున్న పీపాల్లోని ఆరెంజ్ జ్యూస్. అలాంటి బిల్లు మీద సంతకం పెడితే క్లబ్ కవర్ కూడా ఉండదు. ఈ రెండు సంగతులూ తెలిసిన మాస్టర్ గొంతు పెంచడు. ఏజెంట్‌కి టీ పోయించి, రిసీట్‌లో ఉన్న మాటే బిల్లులోకి ఎక్కించమని చెప్పి, ఓనర్లకీ క్లబ్ కరస్పాండెంట్‌కీ మెయిల్ పెట్టి, పైలట్‌ని గంట ఆలస్యంగా రమ్మంటాడు.